ఈస్ట్ బెంగాలా, మోహన్ బగానా? అభిమాని తన క్లబ్బును చేరే దారి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బదిలీ మీద హైదరాబాదు నుంచి కలకత్తా వచ్చి మూడు నెలలైందని, ఆఫీసులో మొదటి రోజే "మీది ఏ క్లబ్బు?" అని అడిగారని, బడిలో మీ పన్నెండేళ్ళ అబ్బాయిని కూడా అదే అడుగుతున్నారని రాశారు. మీవాడు ఇన్నాళ్ళూ మెస్సీ ఎక్కడ ఆడితే ఆ చొక్కా వేసుకున్నాడు. ముందు బార్సిలోనా, తర్వాత పారిస్, ఇప్పుడు మయామి. "పట్టిక చూసి బాగా ఆడే జట్టును ఎంచుకుంటే తప్పా? అసలు ఇక్కడివాళ్ళు తమ ఫుట్‌బాల్ క్లబ్బును ఎలా ఎంచుకుంటారు?" అన్నది మీ ప్రశ్న.

తప్పేమీ కాదు. కాని అలా ఎంచుకున్నది నిలవడం నేను చూడలేదు. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగ్గా చెప్పాలి.

నేను పుట్టింది ఖరగ్‌పూర్‌లో. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చారు. నాన్నగారు అదే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను ఆగ్నేయ రైల్వేలో గుమాస్తాగా చేరి, కలకత్తాలోనే ఉద్యోగ విరమణ చేశాను. ఇరవై ఏళ్ళకు పైగా ఆదివారాలు ఉదయం మా కాలనీ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. కొత్తగా చేరిన ప్రతి పిల్లవాడినీ రెండు ప్రశ్నలు అడగడం నాకు అలవాటు. "నీది ఏ క్లబ్బు?" అనేది మొదటిది. "నిన్ను మొదటిసారి ఆటకు తీసుకెళ్ళింది ఎవరు?" అనేది రెండోది. మొదటి ప్రశ్నకు వచ్చే జవాబులు మూడే: ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్. రెండో ప్రశ్నకు మాత్రం ప్రతి ఒక్కరూ ఒక మనిషిని చెప్పారు. తాత, బాబాయి, మేనమామ, పక్కింటి అన్న. ఒక పిల్లవాడు తమ వీధిలో ఇస్త్రీ చేసే ఆయన పేరు చెప్పాడు. బాగా ఆడుతుంది కాబట్టి ఈ క్లబ్బు పట్టుకున్నానని చెప్పినవాడు ఒక్కడూ గుర్తు రావడం లేదు.

అభిమాని క్లబ్బును వెతుక్కుంటూ వెళ్ళడు. తను ప్రేమించే మనిషి చేయి పట్టుకుని నడుస్తుంటే ఆ మనిషి వెళ్ళే చోటికి చేరతాడు. ఆ మనిషికి ఆ క్లబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఇంకొక మనిషి కనబడతాడు. అలా వెనక్కి వెనక్కి వెళితే ఒక ఊరో, ఒక అవమానమో, ఒక వలసో కనబడుతుంది. కలకత్తాలో అది చాలా స్పష్టంగా కనబడుతుంది కాబట్టి ఇక్కడి కథే చెబుతాను.

మోహన్ బగాన్ 1889లో ఉత్తర కలకత్తాలో పుట్టింది. 1911 జులై 29న ఐ.ఎఫ్.ఏ. (ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్) షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే బ్రిటిష్ సైనిక జట్టును 2-1తో ఓడించింది. కెప్టెన్ శిబ్‌దాస్ భాదుడీ ఒక గోల్, అభిలాష్ ఘోష్ ఒక గోల్ కొట్టారు. పదకొండు మందిలో పదిమంది ఉత్త కాళ్ళతో ఆడారు, సుధీర్ చటర్జీ ఒక్కరే బూట్లు వేసుకున్నారు. ఆట కనబడనంత దూరంలో నిలబడ్డ జనానికి స్కోరు తెలియడానికి గాలిపటాలు ఎగరేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏ పోటీలోనూ తెల్లవాడిని గెలవలేమని నమ్మించిన కాలంలో, బూట్లు వేసుకున్న సిపాయిలను ఉత్త కాళ్ళతో ఓడించడం ఎంత మాటో ఆలోచించండి. ఆ రోజు ఆ మైదానంలో నిలబడ్డ మనిషికి ఎంచుకోవడానికి ఇంకేముంది? అతని కొడుకూ, మనవడూ, మునిమనవడూ ఆ సాయంత్రానికి వారసులు. జులై 29ని వాళ్ళు ఇప్పటికీ మోహన్ బగాన్ రోజుగా జరుపుకుంటారు.

ఈస్ట్ బెంగాల్ పుట్టుక వేరు. 1920 జులై నెలాఖరులో జోడాబగాన్ అనే క్లబ్బు మోహన్ బగాన్‌తో ఆడబోతూ శైలేష్ బోస్ అనే ఆటగాడిని జట్టు నుంచి తీసేసింది. అతను తూర్పు బెంగాల్ వాడు. తూర్పువాడు కాబట్టే పక్కన పెట్టారని అదే క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేష్ చంద్ర చౌధురి మండిపడి బయటికి వచ్చారు. ఆగస్టు 1న కొత్త క్లబ్బు పెట్టి, దానికి తమ ప్రాంతం పేరే పెట్టారు. అప్పటికి అది కొందరు పెద్దమనుషుల ఆత్మగౌరవం సంగతి. దాన్ని లక్షల మంది క్లబ్బుగా మార్చింది 1947. విభజన తర్వాత ఢాకా, బారిసాల్, మైమెన్‌సింగ్, ఫరీద్‌పూర్ నుంచి కట్టుబట్టలతో వచ్చి సియాల్దా స్టేషన్ ప్లాట్‌ఫారాల మీద, జాదవ్‌పూర్ వైపు కాలనీల్లో తలదాచుకున్నవాళ్ళకు ఆ నగరంలో తమ పేరుతో ఉన్నది ఏమిటి? ఇల్లు లేదు, పొలం లేదు, నది లేదు. ఎరుపు, బంగారు రంగు చొక్కా వేసుకున్న పదకొండు మంది మాత్రం ఉన్నారు. వాళ్ళ ఊరి పేరు పత్రికలో గౌరవంగా కనిపించేది ఆ జట్టు గెలిచిన మర్నాడే.

అందుకే ఇక్కడ "ఏ క్లబ్బు?" అంటే చాలాకాలం "మీ పూర్వీకులది ఏ ఊరు?" అని అర్థం. పశ్చిమ బెంగాల్ పాత కాపులను ఘొటీలు అంటారు, తూర్పు నుంచి వచ్చినవాళ్ళను బాంగాల్ అంటారు. ఘొటీ ఇంట్లో రొయ్య, బాంగాల్ ఇంట్లో ఇలిష్. మన గోదావరి వాళ్ళు పులస అని ప్రాణం పెట్టే చేపే ఈ ఇలిష్. ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజు ఇలిష్, మోహన్ బగాన్ గెలిచిన రోజు పెద్ద రొయ్యలు ఇంటికి రావాల్సిందే. ఇప్పటి పిల్లలకు తాతల ఊళ్ళు తెలియవు, ఘొటీ-బాంగాల్ పెళ్ళిళ్ళు మామూలైపోయాయి. అయినా చేప మాత్రం నిలిచింది.

మహమ్మడన్ స్పోర్టింగ్ సంగతి కూడా చెప్పాలి, కొత్తవాళ్ళు దాన్ని మరిచిపోతారు. 1934లో కలకత్తా లీగు గెలిచిన మొట్టమొదటి భారతీయ క్లబ్బు అదే. 1938 దాకా వరుసగా అయిదేళ్ళు గెలిచింది. అది ముస్లింల క్లబ్బుగా పేరుపడినా, దక్షిణాది నుంచీ హైదరాబాదు నుంచీ అన్ని మతాల ఆటగాళ్ళూ తర్వాతి కాలంలో అక్కడ ఆడారు.

ఇక నా సంగతి. తెలుగు ఇంట్లో పుట్టినవాడికి ఈ ఘొటీ-బాంగాల్ గొడవలో చోటెక్కడ? మాకు పోయిన నదీ లేదు, 1911 జ్ఞాపకమూ లేదు. మా పక్క క్వార్టరులో ఒక టర్నరు గారు ఉండేవారు, మేము కాకాబాబు అనేవాళ్ళం. 1950లో బారిసాల్‌లో అల్లర్లు జరిగినప్పుడు తల్లిని వెంటబెట్టుకుని వచ్చేసిన మనిషి. మామూలు రోజుల్లో మాటే వినబడేది కాదు. ఈస్ట్ బెంగాల్ ఆట ఉన్న సాయంత్రం మాత్రం వరండాలో రేడియో పెట్టి, వ్యాఖ్యానం మొదలయ్యేలోపు వాళ్ళ ఊరి కాలువ గురించి, పడవ గురించి, తాటిచెట్టు గురించి చెప్పేవారు. నాన్నగారికి శ్రీకాకుళంలో ఊరు ఉంది, అయినా ఆ ఊళ్ళో బతుకుతెరువు లేదు. ఇద్దరూ ఒకే వరండాలో ఎందుకు కూర్చునేవారో నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది.

1974లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, కాకాబాబు నన్నూ నాన్ననూ కలకత్తా తీసుకెళ్ళారు. లోకల్ రైల్లో హౌరా, అక్కడి నుంచి లాంచీలో గంగ దాటి బాబూఘాట్, ఆపైన నగరం నడిబొడ్డున ఉన్న మైదాన్ దాకా నడక. ఒక చిన్న జట్టుతో లీగు ఆట. స్కోరు గుర్తులేదు. గడ్డి మీద వాన వాసన గుర్తుంది, కాకాబాబు కొనిచ్చిన వేరుశనగల పొట్లం గుర్తుంది. నాన్న నా చెవిలో చెప్పిన ఒక మాట గుర్తుంది: "ఆ పది నంబరు చూడు, హబీబ్. మన హైదరాబాదువాడు."

మహమ్మద్ హబీబ్ గురించి మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి. ఈ నగరం ఆయనను 'బడే మియా' అని పిలిచింది. మీ హైదరాబాదుకూ కలకత్తా ఫుట్‌బాల్‌కూ ఉన్న బంధం చిన్నది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. అదే రహీం శిక్షణలో భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వచ్చి, చివరికి ఇక్కడే హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో స్థిరపడ్డారు. ఆయన 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు, అదే ఏడాది ఆగస్టు 15న హబీబ్ హైదరాబాదులో పోయారు. నయీముద్దీన్, షబ్బీర్ అలీ, హబీబ్ తమ్ముడు అక్బర్, వీళ్ళంతా మీ ఊరివాళ్ళే. కాబట్టి "మేము పరాయివాళ్ళం" అని మీరు మొహమాటపడాల్సిన పనిలేదు.

ఎనిమిదేళ్ళ వయసులో నేను ఈస్ట్ బెంగాల్ అభిమానినని అనుకున్నాను. నిజానికి నేను హబీబ్ అభిమానిని. ఆ తేడా తెలియడానికి రెండేళ్ళు పట్టింది. 1975లో హబీబ్, అక్బర్ మహమ్మడన్‌కు వెళ్ళారు. ఆ ఏడాది సెప్టెంబరు 30న షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ మోహన్ బగాన్‌ను 5-0తో ఓడించింది కాబట్టి ఆ లోటు నాకు తెలియలేదు. 1976లో అన్నదమ్ములిద్దరూ మోహన్ బగాన్‌కు వచ్చారు. అప్పటికి ఈస్ట్ బెంగాల్ వరుసగా ఆరేళ్ళు లీగు గెలిచి ఉంది. జులైలో లీగు ఆట, రెండు జట్లూ ఎదురెదురు. కాకాబాబు రేడియో పెట్టి, మీట సర్ది, వచ్చి కుర్చీలో కూర్చోబోతున్నారు. అంతలోనే గోల్ అన్న కేక వినబడింది. అక్బర్ కొట్టాడు, ఆట మొదలైన పదిహేడో సెకనులో. ఆ ఒక్క గోల్‌తోనే మోహన్ బగాన్ గెలిచింది, ఆ ఏడాది లీగు కూడా వాళ్ళకే పోయింది.

ఆట అయ్యాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కాకాబాబు నా వైపు తిరిగి, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగారు: "మీ హబీబ్ ఇప్పుడు అటు ఉన్నాడు కదా బాబూ. నువ్వు అటు వెళతావా?" పదేళ్ళవాణ్ణి. వెళ్ళడానికి నాకు కారణాలన్నీ ఉన్నాయి. మనవాడు అటు ఉన్నాడు, గెలుపు అటు ఉంది, మాది ఏ బెంగాలూ కాదు. నేను మాట్లాడలేదు. ఆయన కుర్చీ పక్కన ఉన్న మెట్టు మీద నుంచి లేవలేదు. నాకు తెలిసినంతవరకు నేను క్లబ్బును ఎంచుకున్నది ఆ రోజు, అలా.

మీ అబ్బాయి విషయంలో ఈ కథకు పని ఉంది. మెస్సీ వెంట చొక్కాలు మార్చడం తక్కువ ప్రేమ అని నేను అనను. ఒక మనిషి ఆటను అంతగా ప్రేమించడం అందమైన విషయం, నేనూ అక్కడి నుంచే మొదలుపెట్టాను. కాని మెస్సీ బార్సిలోనాను వదిలిన 2021 వేసవిలో లక్షల మంది పిల్లలకు కాకాబాబు వేసిన ప్రశ్నే ఎదురైంది. కొందరు పారిస్ వెళ్ళారు, కొందరు ఉండిపోయారు. ఉండిపోయినవాళ్ళను అడిగి చూడండి, వాళ్ళ పక్కన ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు.

గెలిచే జట్టు వైపు మనసు లాగడం మాత్రం అబద్ధం కాదు. 1976లో రాబర్ట్ చాల్దీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు అమెరికా విశ్వవిద్యాలయాల్లో చేసిన ఒక పరిశీలనను ప్రచురించారు. శనివారం తమ జట్టు గెలిస్తే సోమవారం విశ్వవిద్యాలయం పేరున్న బట్టలు వేసుకొచ్చే విద్యార్థులు పెరిగేవారు. గెలిచినప్పుడు "మేము గెలిచాం" అనేవారు, ఓడినప్పుడు "వాళ్ళు ఓడిపోయారు" అనేవారు. వాళ్ళది అమెరికా ఫుట్‌బాల్, మనది వేరు, మనుషులు మాత్రం ఒకటే. 2014లో సేత్ స్టీవెన్స్ డేవిడోవిట్జ్ ఫేస్‌బుక్ సమాచారంతో బేస్‌బాల్ అభిమానులను లెక్కగట్టి చూస్తే, మగపిల్లలకు ఎనిమిదేళ్ళ వయసులో ఛాంపియన్ అయిన జట్టే ఎక్కువగా జీవితాంతం వెంట ఉంటోందని తేలింది. ఎనిమిదేళ్ళ మాట నేను పూర్తిగా నమ్ముతాను, నాకూ అప్పుడే పట్టుకుంది. గెలుపు మాట మాత్రం మా ఇంట్లోనే తప్పయింది.

మా ఆవిడది ఉత్తర కలకత్తా, పుట్టుకతో ఘొటీ. మా మామగారు మోహన్ బగాన్ సభ్యులు. 1997 జులై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో రెండు క్లబ్బులూ తలపడ్డాయి, సాల్ట్ లేక్ స్టేడియంలో. లక్షా ముప్పయ్యొక్క వేలకు పైగా జనం వచ్చారు. భారతదేశంలో ఒక ఆటకు అంతమంది రావడం నేను మళ్ళీ చూడలేదు. మోహన్ బగాన్‌కు అమల్ దత్తా శిక్షకుడు, ఈస్ట్ బెంగాల్‌కు పి.కె. బెనర్జీ. నేను ఈస్ట్ బెంగాల్ గ్యాలరీలో ఉన్నాను. అప్పుడు ఎనిమిదేళ్ళున్న మా అబ్బాయి ఎదురు గ్యాలరీలో వాళ్ళ తాతగారి ఒళ్ళో. భైచుంగ్ భూటియా మూడు గోల్స్ కొట్టాడు, మేము 4-1తో గెలిచాం.

ఇంటికి వచ్చేటప్పటికి వాడు ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాడు. అంత పెద్ద ఓటమి కళ్ళారా చూశాడు కదా, ఇక మా వైపు వస్తాడని నేను ఆశపడ్డాను. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కాని, ఆ రాత్రి వాడికి ఎరుపు, బంగారు రంగు చొక్కా కొనిపెడతానని కూడా చెప్పాను. వాడు తల అడ్డంగా ఊపి, "తాతగారు కూడా ఏడ్చారు నాన్నా, ఆయన ఒక్కరే అయిపోతారు" అన్నాడు. మామగారు పోయి పన్నెండేళ్ళయింది. వాడు ఇప్పటికీ ఆకుపచ్చ, మెరూన్ రంగు కండువా వేసుకునే ఆటకు వెళతాడు. అది ఆయన కండువాయే.

ఇది కలకత్తాకే చెందిన విషయం కాదు. గ్లాస్గోలో సెల్టిక్ క్లబ్బును 1887లో బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అనే క్రైస్తవ సన్యాసి స్థాపించారు, ఐర్లండ్ నుంచి వలస వచ్చిన పేదల పిల్లలకు తిండి పెట్టడానికి డబ్బు కూడబెట్టాలని. బారిసాల్ నుంచి వచ్చినవాడికి ఈస్ట్ బెంగాల్ ఎలాగో వాళ్ళకు సెల్టిక్ అలాగ. దీనికి భిన్నంగా లివర్‌పూల్‌లో రెండు క్లబ్బుల మధ్య గీత ఒక స్థలం అద్దె తగాదాతో పడింది. ఎవర్టన్ 1892లో ఆన్‌ఫీల్డ్ మైదానం వదిలి వెళ్ళిపోతే, ఆ స్థలం యజమాని జాన్ హౌల్డింగ్ ఖాళీగా మిగిలిన మైదానం కోసం లివర్‌పూల్ అనే కొత్త జట్టును పెట్టారు. ఊరూ మతమూ తేడా లేదు కాబట్టి అక్కడ ఒకే ఇంట్లో అన్న ఎరుపు, తమ్ముడు నీలం కావడం మామూలే. అక్కడ కూడా తండ్రి ఎటో, మేనమామ ఎటో అన్నదే లెక్క.

టీవీలో చూసి ఇంగ్లండ్ క్లబ్బులను అభిమానించే మన తెలుగు పిల్లలను ఇక్కడి పెద్దలు కొందరు చిన్నచూపు చూస్తారు. నాకు అది నచ్చదు. విశాఖలో ఉన్న మా మేనల్లుడు ఆర్సెనల్ అభిమాని. 2003-04లో ఆ జట్టు లీగులో 38 ఆటల్లో ఒక్కటీ ఓడలేదు, వాడు అప్పుడే వరంగల్ హాస్టల్లో చేరాడు. గది సీనియర్‌తో కలిసి రాత్రుళ్ళు చూసేవాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు లీగు రాకపోయినా వాడు వదల్లేదు. లండన్ ఎప్పుడూ చూడలేదు. ఆ సీనియర్ ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడట, ప్రతి ఆట తర్వాతా ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుంటారు. మైదానం దూరమైనంత మాత్రాన ఆ బంధం పలచనిదని ఎలా అంటాం?

క్లబ్బు అంటే అభిమాని దృష్టిలో ఏమిటో తెలియాలంటే దాన్ని మార్చబోయినప్పుడు చూడాలి. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ జట్టు ఏటీకే అనే జట్టుతో కలిసిపోయి, పేరు ఏటీకే మోహన్ బగాన్ అయింది. డబ్బు వచ్చింది, మంచి ఆటగాళ్ళు వచ్చారు, జట్టు గెలుస్తోంది. అయినా అభిమానులు మూడేళ్ళు ఊరుకోలేదు. ముందున్న ఆ మూడక్షరాలు తీసేయమని ఊరేగింపులు చేశారు, గ్యాలరీలో బ్యానర్లు పట్టారు. 2023 మార్చి 18న గోవాలో బెంగళూరును పెనాల్టీల్లో ఓడించి ఐ.ఎస్.ఎల్. (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన రాత్రి యజమాని ఆ పేరు తీసేస్తున్నట్టు ప్రకటించారు. ఆ రాత్రి మా అబ్బాయి నాకు ఫోను చేసి కప్పు గురించి ఒక్క మాటా చెప్పలేదు. "పేరు తిరిగొచ్చింది నాన్నా" అన్నాడు.

ఈస్ట్ బెంగాల్‌ది దీనికి తలకిందులు. పేరు అలాగే ఉంది, గెలుపే పోయింది. 2012 ఫెడరేషన్ కప్ తర్వాత దేశస్థాయిలో పెద్ద కప్పు రావడానికి 2024 జనవరి దాకా ఆగాం, ఒడిశా జట్టును 3-2తో ఓడించి సూపర్ కప్ గెలిచేదాకా. ఆ పన్నెండేళ్ళలో మా గ్యాలరీ ఖాళీ కాలేదు. పట్టిక చూసి ఎంచుకునేవాళ్ళయితే ఒక్కరూ మిగిలేవారు కాదు.

మీ ఊరి సంగతి రాయడానికి నాకు మనసు బరువుగా ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుణె క్లబ్బు స్థానంలో వచ్చింది. కరోనా వల్ల రెండు సీజన్లు మొత్తం గోవాలోనే జరిగాయి. అందుకే 2022 మార్చి 20న ఆ జట్టు ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఛాంపియన్ అయినప్పుడు గచ్చిబౌలి స్టేడియం ఖాళీగా ఉంది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఊళ్ళో తండ్రులు పిల్లలను తీసుకెళ్ళి చూపించగలిగి ఉంటే ఆ ఒక్క సాయంత్రంతో ఒక తరం తయారయ్యేది. ఆ తర్వాత డబ్బు ఇబ్బందులు వచ్చాయి, 2025లో క్లబ్బు ఢిల్లీకి, వేరే పేరుకు మారిపోయింది. ఇంగ్లండ్‌లో 2002లో వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి ఇచ్చినప్పుడు అభిమానులు ఊరుకోలేదు. తామే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని కొత్త క్లబ్బు పెట్టి, తొమ్మిదో అంచె నుంచి మొదలుపెట్టి, 2011కల్లా ఫుట్‌బాల్ లీగులోకి తెచ్చుకున్నారు. వాళ్ళకు వందేళ్ళ జ్ఞాపకాలు ఉన్నాయి. హైదరాబాదు అభిమానులకు ఆరేళ్ళే దొరికాయి. మీ అబ్బాయికి సొంత ఊరి క్లబ్బు లేకపోవడం వాడి తప్పు కాదు, మీ తప్పూ కాదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆటలో గ్యాలరీలో కొట్లాట, తొక్కిసలాట జరిగి పదహారు మంది చనిపోయారు. ఆట చూడటానికి ఇంటి నుంచి బయల్దేరినవాళ్ళు. ఏటా ఆ రోజు రెండు వైపులా వాళ్ళను తలచుకుంటారు. మీ అబ్బాయికి క్లబ్బు గురించి చెప్పేటప్పుడు ఆ పదహారు మంది గురించి కూడా చెప్పండి. 2024 ఆగస్టు గురించి కూడా చెప్పండి. ఆర్.జి. కర్ ఆసుపత్రిలో యువ వైద్యురాలి హత్య జరిగిన రోజులవి. ఆగస్టు 18న జరగాల్సిన ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ డ్యూరాండ్ కప్ ఆట భద్రత పేరుతో రద్దయింది. ఆట లేకపోయినా మూడు క్లబ్బుల అభిమానులూ సాల్ట్ లేక్ స్టేడియం బయటికి వచ్చి, ఆమెకు న్యాయం కావాలని ఒకే గొంతుతో అడిగారు. ఎరుపు-బంగారు జెండా పక్కన ఆకుపచ్చ-మెరూన్ జెండా, వాటి పక్కన మహమ్మడన్ నలుపు-తెలుపు. అరవై ఏళ్ళకు దగ్గరపడుతున్న నేను అలాంటిది మొదటిసారి చూశాను.

మీరు చేయాల్సింది ఇది. ఆఫీసులో ఎవరైనా అడిగితే "ఇంకా లేదు, మీరు తీసుకెళ్ళండి" అనండి. ఈ ఊళ్ళో ఆ మాట కాదనేవాళ్ళు ఉండరు. పెద్ద ఆటతో మొదలుపెట్టకండి, ఆ హోరులో పిల్లవాడికి ఏమీ తెలియదు. వానాకాలంలో కలకత్తా లీగు ఆటలు జరుగుతాయి, మైదాన్‌లోని క్లబ్బు మైదానాల్లో కంచె పక్కన నిలబడి ఆటగాడి ఊపిరి వినబడేంత దగ్గరగా చూడవచ్చు. ఒకసారి ఈస్ట్ బెంగాల్ సహోద్యోగితో వెళ్ళండి, ఇంకోసారి మోహన్ బగాన్ మిత్రుడితో, వీలైతే మహమ్మడన్ ఆటకు కూడా. వెళ్ళేటప్పుడు ఆటగాళ్ళ పేర్లు చెప్పమని అడగకండి, వాళ్ళ తాత గురించి అడగండి. పట్టిక ఇంట్లో చూసుకోవచ్చు.

తర్వాతి డెర్బీకి, అంటే ఈ రెండు క్లబ్బులూ తలపడే ఆటకు, టిక్కెట్లు దొరికితే నేనూ మా అబ్బాయీ ఎప్పటిలాగే ఒకే బస్సులో సాల్ట్ లేక్ వెళతాం. స్టేడియం దగ్గర దిగి టీ తాగి, అక్కడి నుంచి వాడు వాళ్ళ గేటుకు, నేను మా గేటుకు విడిపోతాం. మీరూ మీ అబ్బాయీ ఆ టీ బండి దగ్గరికి రండి. ఎవరి వెంట వెళ్ళాలో వాణ్ణే తేల్చుకోనివ్వండి.